సిమ్యులేటర్‌లో టర్బోప్రాప్‌ను నేల మీద సరిగ్గా నడపడం ఎలా: కారవాన్, ఏటీఆర్, డోర్నియర్

సెస్నా 172 నుంచి టర్బోప్రాప్‌కు (టర్బైన్ ఇంజిన్ ప్రొపెల్లర్‌ను తిప్పే విమానానికి) మారినవాళ్లు మొదట తడబడేది ట్యాక్సీవే మీదే. థ్రాటిల్ పూర్తిగా వెనక్కి లాగినా విమానం ముందుకు పోతూనే ఉంటుంది. నిమిషానికి నాలుగుసార్లు బ్రేకు తొక్కాల్సి వస్తుంది. మలుపులో పక్కకు జారుతుంది, దిగాక రివర్స్ (ప్రొపెల్లర్ గాలిని ముందుకు తోసే స్థితి) వేస్తే ఒక వైపుకు లాగేస్తుంది. సిమ్యులేటర్‌లో లోపాలు లేవని కాదు గానీ, ఈ ఇబ్బందుల్లో ఎక్కువ భాగం ఒక్క విషయం దగ్గర తేలిపోతాయి. టర్బోప్రాప్ పవర్ లీవర్‌కు ఐడిల్ (ఇంజిన్ కనీస వేగంతో తిరిగే స్థానం) ముందు ఒక పని, ఐడిల్ వెనుక మరో పని. ముందు భాగంలో అది ఇంజిన్ శక్తిని మారుస్తుంది. వెనుక భాగంలో ప్రొపెల్లర్ బ్లేడ్ల కోణాన్ని మారుస్తుంది. ఆ వెనుక భాగాన్నే బీటా రేంజ్ అంటారు. నేల మీద వేగాన్ని అదుపు చేయాల్సింది దానితోనే. బ్రేకు ఆ తర్వాతి సంగతి.

ఇక్కడ ప్రధానంగా సెస్నా 208బి గ్రాండ్ కారవాన్‌ను తీసుకున్నాం. అంకెలన్నీ 675 హార్స్‌పవర్ పీటీ6ఏ-114ఏ ఇంజిన్ ఉన్న రకానివి. మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్‌లో వచ్చే ఈఎక్స్ రకానిది 867 హార్స్‌పవర్ పీటీ6ఏ-140 ఇంజిన్ కాబట్టి అంకెలు కొంత మారతాయి, దానికి గేజ్ మీద ఉన్న రంగు గీతలనే పాటించండి. ఎక్స్-ప్లేన్ 12 వాడేవాళ్లు అందులో వచ్చే కింగ్ ఎయిర్ సీ90బితో ఇదంతా సాధన చేయవచ్చు. అదీ పీటీ6 కుటుంబమే.

లీవర్ల వెనుక జరిగేది

పీటీ6లో కంప్రెసర్‌ను తిప్పే టర్బైన్ వేరు, ప్రొపెల్లర్‌ను తిప్పే టర్బైన్ వేరు. రెండింటినీ కలిపే ఇరుసు లేదు. ఎదురెదురుగా రెండు టేబుల్ ఫ్యాన్లు పెట్టి ఒకదానికి స్విచ్ వేస్తే, ఆ గాలికి రెండోది తిరిగినట్టు ఉంటుంది దాని పని. మొదటి భాగం వేగాన్ని ఎన్‌జీ గేజ్ శాతాల్లో చూపిస్తుంది. రెండో భాగం వేగమే ఎన్‌పీ, అంటే ప్రాప్ ఆర్‌పీఎం. లో ఐడిల్‌లో కూడా ఎన్‌జీ 52 శాతం దగ్గర తిరుగుతూనే ఉంటుంది కాబట్టి వేడి గాలి తోపు ఎప్పుడూ ఆగదు. బ్లేడ్లు కాస్త కోణంలో ఉన్నా చాలు, విమానం కదులుతుంది. బరువు తక్కువగా ఉన్న కారవాన్ నిజంగానే ఐడిల్‌లో వేగం పుంజుకుంటుంది.

లీవర్లు మూడు. పవర్ లీవర్ సంగతి చెప్పుకున్నాం. ప్రాప్ లీవర్, ప్రొపెల్లర్ వేగాన్ని నిలిపి ఉంచే గవర్నర్‌కు ఎంత ఆర్‌పీఎం దగ్గర పట్టుకోవాలో చెబుతుంది, పూర్తిగా వెనక్కి లాగితే బ్లేడ్లు ఫెదర్ అవుతాయి, అంటే అంచులు ముందుకు తిరుగుతాయి. కండిషన్ లీవర్‌కు కటాఫ్, లో ఐడిల్, హై ఐడిల్ అని మూడు స్థానాలు. కారవాన్‌లో హై ఐడిల్ అంటే ఎన్‌జీ 65 శాతం. ట్యాక్సీకి లో ఐడిల్. హై ఐడిల్‌లో వదిలేసి, విమానం ఆగడం లేదని బ్రేకులను తిట్టుకునేవాళ్లు చాలామంది ఉంటారు. కాబట్టి వేగం అదుపు తప్పుతోందనిపిస్తే మొదట చూడాల్సింది ఈ లీవర్‌నే.

మొదటి పని: క్వాడ్రెంట్‌ను (లీవర్లుండే పరికరాన్ని) సరిచేయడం

మైక్రోసాఫ్ట్ సిమ్‌లో కంట్రోల్ ఆప్షన్లలో థ్రాటిల్‌కు రెండు రకాల యాక్సిస్‌లు (లీవర్ కదలికను సిమ్‌కు చేర్చే అమరికలు) కనిపిస్తాయి. పేరు చివర 0 నుంచి 100 శాతం అని ఉన్నది ఐడిల్ దగ్గరే ఆగిపోతుంది, దాని వెనక్కి వెళ్లదు. అలాంటి గుర్తు లేని థ్రాటిల్ యాక్సిస్ మైనస్ 100 నుంచి ప్లస్ 100 దాకా వెళ్తుంది. బీటా, రివర్స్ రెండూ మైనస్ వైపే ఉంటాయి. మీకు కావాల్సింది ఈ రెండోది.

దీనితో వచ్చే చిక్కు ఒకటుంది. ఏ మార్పూ చేయకుండా వాడితే ఐడిల్ సరిగ్గా లీవర్ ప్రయాణం మధ్యలో పడుతుంది. సగం లీవర్ రివర్స్‌కే పోతే, ఎగిరేటప్పుడు టార్క్‌ను (ప్రొపెల్లర్‌ను తిప్పే బలాన్ని) సన్నగా సర్దడానికి చోటు మిగలదు. ఎఫ్ఎస్‌యూఐపీసీ, స్పాడ్ నెక్స్ట్ లాంటి సాఫ్ట్‌వేర్‌తో మూడు బిందువులుగా సర్దుకోవడం మేలు: కింద చివర పూర్తి రివర్స్, ప్రయాణంలో 25 నుంచి 30 శాతం దగ్గర ఐడిల్, పైన పూర్తి పవర్. ఐడిల్ దగ్గర రెండు మూడు శాతం మేర చలనం లేని ప్రాంతం వదలండి. లేకపోతే పొటెన్షియోమీటర్ చిన్నగా ఊగినా విమానం ఐడిల్‌కూ బీటాకూ మధ్య కొట్టుకుంటుంది. తర్వాత క్వాడ్రెంట్ మీద ఐడిల్ చోట రంగు టేపు ముక్క అంటించండి. అసలు కారవాన్‌లో లీవర్‌ను కాస్త పైకెత్తితేనే ఐడిల్ గేటు దాటుతుంది. మీ లీవర్‌కు అలాంటి అడ్డం లేదు కాబట్టి కంటికి కనిపించే గుర్తు ఉండాల్సిందే.

కొన్ని క్వాడ్రెంట్లలో కింద డిటెంట్ (లీవర్ ఆగే గాడి) ఉండి, దాన్ని దాటగానే యాక్సిస్ ఆగిపోయి ఒక బటన్ మాత్రమే నొక్కుకుంటుంది. ఆ బటన్‌కు రివర్స్ థ్రస్ట్ టాగుల్ పెట్టుకోకండి. టాగుల్ ఒకసారి తప్పితే తిరగబడిపోతుంది, మీరు ఏ వైపున్నారో తెలియదు. డిక్రీజ్ థ్రాటిల్‌ను పెట్టుకుని, నొక్కి ఉంచినంతసేపు కొద్దికొద్దిగా వెనక్కి జరిగేలా చేయండి. కీబోర్డు వాడేవాళ్లకు ఎఫ్2 ఇదే పని చేస్తుంది. నొక్కి పట్టుకుంటే ఐడిల్ దాటి వెనక్కి పోతుంది, ఎఫ్1 నొక్కితే మళ్లీ ఐడిల్‌కు వస్తుంది.

ఎక్స్-ప్లేన్‌లో బీటాకు ఒకటి, రివర్స్‌కు ఒకటి వేర్వేరు కమాండ్లు ఉన్నాయి. రెండు బటన్లు కేటాయించండి. లీవర్ పూర్తిగా ఐడిల్‌కు వచ్చాకే వాటిని నొక్కాలి. రివర్స్ ఆన్‌లో ఉండగా లీవర్ ముందుకు తోస్తే రివర్సే పెరుగుతుంది. టేకాఫ్‌కు లైనప్ అయ్యాక విమానం వెనక్కి నడవడానికి చాలా సందర్భాల్లో కారణం ఇదేనని అనుకోవచ్చు.

పెడల్స్ విషయంలో మూడు పనులు చేయండి. ఆటో రడ్డర్‌ను, టేకాఫ్ సహాయాన్ని ఆపేయండి. అవి ఉండగా మీ కాళ్లు నేర్చుకునేది ఏమీ ఉండదు. టో బ్రేకుల సెన్సిటివిటీని మైనస్ 30 నుంచి 50 మధ్య పెట్టండి, లేకపోతే పాదం తగిలించగానే పూర్తి బ్రేకు పడుతుంది. రడ్డర్‌కు మైనస్ 30 చాలు.

రెండో పని: మీ బీటా ఎక్కడుందో కొలవడం

ఇది చాలామంది వదిలేసే భాగం. అరగంట కూడా పట్టదు, చేసి చూస్తే తేడా తెలుస్తుంది. పొడవైన, చదునైన రన్‌వే ఎంచుకోండి. శంషాబాద్‌లోని 4,260 మీటర్ల రన్‌వే, అంటే 09 కుడి, ఇందుకు బాగా సరిపోతుంది. గాలి పూర్తిగా సున్నా చేయండి. ఇంధనం సగం, లోడు సగం పెట్టండి. కండిషన్ లీవర్ లో ఐడిల్‌లో, ప్రాప్ లీవర్ పూర్తిగా ముందుకు ఉండాలి.

పవర్ లీవర్‌ను టేపు గుర్తు దగ్గర పెట్టి బ్రేకులు వదలండి. 60 సెకన్ల తర్వాత గ్రౌండ్ స్పీడ్ ఎంతుందో రాసుకోండి. ఆగి, లీవర్‌ను ఇంకో అర సెంటీమీటరు వెనక్కి జరిపి మళ్లీ చేయండి. ఇలా జరుపుతూ పోతే ఒక చోట వేగం 12 నుంచి 15 నాట్ల దగ్గర నిలిచిపోతుంది. అది మీ ట్యాక్సీ స్థానం. ఇంకాస్త వెనక్కి జరిపితే విమానం అసలు కదలని చోటు వస్తుంది. అది సున్నా థ్రస్ట్. రెండింటికీ రెండు సన్నటి గీతలు గీసుకోండి.

ఈ పరీక్షలో గేజ్‌లను, శబ్దాన్ని గమనించండి. లీవర్‌ను బీటాలోకి జరుపుతున్నప్పుడు ఎన్‌జీ అలాగే ఉంటుంది గానీ ఎన్‌పీ పెరుగుతుంది. బ్లేడ్లు చదును అయ్యేకొద్దీ అవి గాలిని తోయడానికి ఖర్చు చేసే శక్తి తగ్గుతుంది కాబట్టి ప్రొపెల్లర్ తేలిగ్గా తిరుగుతుంది. వేగం తగ్గుతుంటే మోత పెరుగుతుంది. కొత్తవాళ్లు ఈ మోత విని భయపడి లీవర్ ముందుకు తోస్తారు. తోయకండి, అది బీటా సరిగ్గా పనిచేస్తున్నట్టు గుర్తు. సున్నా థ్రస్ట్ దాటి ఇంకా వెనక్కి వెళ్తే అప్పుడు ఎన్‌జీ కూడా పెరగడం మొదలవుతుంది. అక్కడి నుంచి రివర్స్.

మీ విమానంలో లీవర్ ఎంత జరిపినా ఎన్‌పీ కదలకపోతే, ఐడిల్ తర్వాత ఒక్కసారిగా రివర్స్‌లోకి దూకితే, ఆ యాడ్-ఆన్ (సిమ్‌కు విడిగా చేర్చుకున్న విమానం) బీటాను సరిగ్గా రూపొందించలేదన్నమాట. మైక్రోసాఫ్ట్ సిమ్‌లో తెరిచి మార్చుకోగలిగిన విమానమైతే, ఇంజిన్ల కాన్ఫిగరేషన్ ఫైల్‌లో ప్రొపెల్లర్ విభాగం కింద మినిమమ్ ఆన్ గ్రౌండ్ బీటా అనే అంకె ఉంటుంది. నేల మీద బ్లేడ్ కోణం కనీసం ఎన్ని డిగ్రీలో అది చెబుతుంది. ఒక్కో డిగ్రీ చొప్పున తగ్గించి పై పరీక్ష మళ్లీ చేయండి. ముందు ఫైల్ నకలు తీసి పెట్టుకోండి. అప్‌డేట్ వస్తే మీ మార్పు తుడిచిపెట్టుకుపోతుంది. ఐడిల్ ఇంధనాన్ని తగ్గించి సరిచేయాలని మాత్రం చూడకండి. అలా చేస్తే స్టార్ట్, గాలిలో దిగుతున్నప్పటి వేగం రెండూ చెడిపోతాయి.

స్టార్ట్

పవర్ లీవర్ ఐడిల్, ప్రాప్ లీవర్ ముందుకు, కండిషన్ లీవర్ కటాఫ్, రెండు ఫ్యూయల్ సెలెక్టర్లు ఆన్. బ్యాటరీ వేసి వోల్టేజీ చూడండి, 24 వోల్టులకు తగ్గితే స్టార్ట్ వద్దు. ఫ్యూయల్ బూస్ట్ ఆన్, ఆ తర్వాత స్టార్టర్. ఎన్‌జీ 12 శాతం దాటి నిలకడగా ఉన్నాకే కండిషన్ లీవర్‌ను లో ఐడిల్‌కు తేవాలి. అప్పటి నుంచి కళ్లు టర్బైన్ల మధ్య ఉష్ణోగ్రతను చూపే ఐటీటీ గేజ్ మీదే ఉండాలి. స్టార్ట్‌లో దాని పరిమితి 1090 డిగ్రీల సెల్సియస్. ఎన్‌జీ 52 శాతానికి చేరాక స్టార్టర్ ఆఫ్. స్టార్టర్, జనరేటర్ రెండూ ఒకే యంత్రం కాబట్టి స్టార్టర్ ఆపడం మరిచిపోతే జనరేటర్ పనిలోకి రాదు, బ్యాటరీ మెల్లగా దిగిపోతుంది.

బ్యాటరీ నీరసంగా ఉంటే ఎన్‌జీ సరిగా పెరగదు, లోపలికి గాలి చాలదు, ఇంధనం మాత్రం పడుతూనే ఉంటుంది. దాంతో ఐటీటీ ఆగకుండా ఎక్కుతుంది. అదే హాట్ స్టార్ట్. వెంటనే కండిషన్ లీవర్ కటాఫ్, స్టార్టర్ మాత్రం తిప్పుతూనే ఉంచి వేడిని బయటికి పంపాలి. స్టార్టర్‌కు 30 సెకన్లు, ఆపై 60 సెకన్లు విరామం. అలా మూడుసార్లు అయితే అరగంట ఆగాలి. సిమ్‌తో పాటు వచ్చే విమానాల్లో ఈ తప్పులకు శిక్ష పెద్దగా ఉండదు. బ్లాక్ స్క్వేర్ లాంటి వాళ్ల యాడ్-ఆన్‌లలో ఇంజిన్ నిజంగానే పాడవుతుంది.

ఇంజిన్ ఆగి ఉండగా పవర్ లీవర్‌ను ఐడిల్ వెనక్కి లాగకండి. అసలు విమానంలో రివర్సింగ్ లింకేజీ దెబ్బతింటుంది. సిమ్‌లో ఏమీ కాకపోయినా చేతికి ఆ అలవాటు పడనీయకూడదు.

ట్యాక్సీ

ఆగి ఉన్న చోటు నుంచి కదలడానికి కాస్త పవర్ కావాలి. మెల్లగా పెంచి, చక్రం దొర్లగానే ఐడిల్‌కు తేండి. ఒకసారి రెండు బ్రేకులూ తాకి పనిచేస్తున్నాయో లేదో చూడండి. ఆ తర్వాత ఇందాక గీసుకున్న ట్యాక్సీ గీత దగ్గరికి లీవర్‌ను తేండి. తిన్నటి దారిలో 15 నుంచి 20 నాట్లు, మలుపుల్లో 8 నుంచి 10, స్టాండు దగ్గర మనిషి నడిచేంత వేగం. బయటి దృశ్యం నుంచి చూస్తే వేగం ఎప్పుడూ తక్కువే అనిపిస్తుంది, కాబట్టి జీపీఎస్‌లో గ్రౌండ్ స్పీడ్ కనబడేలా పెట్టుకోండి.

వేగం పెరుగుతుంటే క్రమం ఇది: ముందు లీవర్ బీటాలోకి, ఒకటి రెండు సెకన్లు ఓపిక పట్టడం, అప్పటికీ చాలకపోతే బ్రేకు. బ్రేకు వేస్తే కాస్త గట్టిగానే వేసి, వేగం దిగాక పూర్తిగా వదిలేయండి. పాదం ఆనించి ఉంచుతూ నడిపితే డిస్కులు వేడెక్కుతాయి, టేకాఫ్ ఆపాల్సి వచ్చిన క్షణంలో ఆ బ్రేకులు మిగలవు. పవర్ వేసి ఉంచి బ్రేకుతో పట్టుకోవడం అన్నిటికన్నా చెడ్డ అలవాటు.

కారవాన్ ముందు చక్రం పెడల్స్‌తో రెండు వైపులా 15 డిగ్రీల దాకానే తిరుగుతుంది. ఆ వైపు బ్రేకు కలిపితే 50 డిగ్రీల పైదాకా పోతుంది. ఇరుకు మలుపు కావాలంటే పెడల్ పూర్తిగా తొక్కి, ఆ వైపు బ్రేకును చిన్నగా తాకండి. లోపలి చక్రాన్ని కదలకుండా బిగించి దాని చుట్టూ తిప్పకండి. టైరు, గేర్ కాలు రెండింటి మీదా మెలి బలం పడుతుంది. రెండు చక్రాలూ దొర్లుతూనే ఉండాలి.

గాలి ఉన్నప్పుడు ఎత్తైన తోక వల్ల ముక్కు గాలివైపు తిరగజూస్తుంది. మైక్రోసాఫ్ట్ సిమ్‌లో ఇది కాస్త ఎక్కువగానే ఉంటుంది. ముందు పక్క నుంచి గాలి వస్తుంటే యోక్‌ను గాలివైపు తిప్పండి. వెనుక పక్క నుంచి వస్తుంటే గాలికి వ్యతిరేకంగా తిప్పి, కాస్త ముందుకు తోయండి. ముక్కును పెడల్‌తో పట్టలేకపోతే గాలి వచ్చే వైపు కాకుండా రెండో వైపు బ్రేకును అప్పుడప్పుడు తాకడం తప్ప దారి లేదు. మలుపులోకి వెళ్లకముందే వేగం తగ్గించుకుంటే చాలావరకు ఆ అవసరం రాదు.

మట్టి, కంకర ఉన్న ఎయిర్‌స్ట్రిప్‌లలో ఇనర్షియల్ సెపరేటర్‌ను బైపాస్‌లో పెట్టండి. లోపలికి వచ్చే గాలిని ఒక్కసారిగా మలుపు తిప్పుతుంది అది. బరువైన దుమ్ము, రాళ్లు మలుపు తిరగలేక బయటికి పోతాయి. టార్క్ కొంత పడిపోతుంది, అది మామూలే. అలాంటి నేల మీద ఆగి ఉండి పవర్ పెంచకూడదు, ఆగి ఉండి బీటాలో లోతుగా పోకూడదు. రెండు సందర్భాల్లోనూ ప్రొపెల్లర్ కింది రాళ్లను తనే లాక్కుని తన బ్లేడ్లనే కొట్టుకుంటుంది.

రివర్స్‌తో విమానాన్ని వెనక్కి నడపడం సిమ్‌లో అందరికీ సరదా. నడిపితే ఒక్కటి గుర్తుంచుకోండి: వెనక్కి పోతున్నప్పుడు బ్రేకు వేస్తే ముక్కు లేచి తోక నేలకు తగులుతుంది. ఆపాలంటే లీవర్ ముందుకు తోసి పవర్‌తోనే ఆపాలి.

ఏటీఆర్ 72-600

హైదరాబాద్ నుంచి రాజమండ్రి, తిరుపతి వెళ్లినవాళ్లు ఎక్కిన విమానం ఇదే కావచ్చు. వెనుక ఎడమ తలుపు నుంచి ఎక్కుతుంటే కుడి ఇంజిన్ మోగుతూ ఉంటుంది, ప్రొపెల్లర్ మాత్రం కదలదు. దాని పేరు హోటల్ మోడ్. ఈ విమానానికి ఏపీయూ (నేల మీద కరెంటు, గాలి ఇచ్చే చిన్న అదనపు ఇంజిన్) లేదు. కుడి ఇంజిన్ ప్రొపెల్లర్‌ను బ్రేకు వేసి పట్టుకుని, ఇంజిన్‌ను మాత్రం తిప్పి కరెంటు, ఏసీ గాలి తీసుకుంటారు. పీడబ్ల్యూ127ఎం కూడా పీటీ6 మాదిరే ప్రొపెల్లర్ టర్బైన్ విడిగా ఉండే ఇంజిన్ కాబట్టి ఇది సాధ్యం.

సిమ్‌లో చేసే క్రమం: గస్ట్ లాక్ (ఆగి ఉన్నప్పుడు కంట్రోళ్లను కదలకుండా పట్టే తాళం) వేసి ఉండాలి, బ్లూ అనే హైడ్రాలిక్ వ్యవస్థలో ప్రెషర్ ఉండాలి, ప్రాప్ బ్రేక్ ఆన్‌లో ఉండాలి. రెండో ఇంజిన్ స్టార్ట్ నొక్కి, ఎన్‌హెచ్ (కంప్రెసర్ వేగం) 10 శాతానికి చేరాక కండిషన్ లీవర్‌ను ఫ్యూయల్ షటాఫ్ నుంచి ఫెదర్‌కు తేవాలి. 45 శాతం దగ్గర స్టార్టర్ తనే విడిపోతుంది. బయల్దేరే ముందు కుడి వైపు ఎవరూ లేరని చూసి, రెడీ లైటు వెలిగాక ప్రాప్ బ్రేక్ వదలాలి. ఇక్కడే ఎక్కువమంది ఇరుక్కుంటారు. గస్ట్ లాక్‌ను ముందే తీసేస్తే, కండిషన్ లీవర్‌ను ముందే ఆటోకు తోసేస్తే రెడీ లైటు రాదు, బ్రేకూ వదలదు. లీవర్ ఫెదర్‌లో, గస్ట్ లాక్ వేసి ఉండగా ముందు బ్రేకు వదిలి, ఆ తర్వాత లీవర్ ఆటోకు.

ఆటోకు తోశాక ఎన్‌పీ 70.8 శాతం దగ్గర నిలబడాలి. దీన్ని తప్పక చూసుకోండి. ఆల్టర్నేటింగ్ కరెంటు ఇచ్చే ఏసీ వైల్డ్ జనరేటర్లను తిప్పేది ప్రొపెల్లర్ గేర్‌బాక్స్. ఎన్‌పీ 66 శాతం దాటితేనే అవి పనిలోకి వస్తాయి. ప్రధాన హైడ్రాలిక్ పంపులు ఆ కరెంటుతోనే నడుస్తాయి. ముందు చక్రం స్టీరింగ్ బ్లూ హైడ్రాలిక్ మీద, మామూలు బ్రేకులు గ్రీన్ మీద ఆధారపడతాయి. అంటే ప్రొపెల్లర్లు తగిన వేగంతో తిరగకపోతే స్టీరింగ్ పోవచ్చు, బ్రేకు బలహీనపడవచ్చు. టిల్లర్ (ముందు చక్రాన్ని తిప్పే చేతి పిడి) తిరగడం లేదని ఫిర్యాదు చేసేవాళ్లు ముందు చూడాల్సింది ఇదే. తర్వాత స్టీరింగ్ స్విచ్.

ఏటీఆర్‌లో పెడల్స్‌తో ముందు చక్రం తిరగదు. కెప్టెన్ ఎడమ చేతి దగ్గర ఉన్న టిల్లర్‌తోనే, రెండు వైపులా 60 డిగ్రీల దాకా తిప్పుతారు. మీ జాయ్‌స్టిక్ ట్విస్ట్‌నో, మిగిలి ఉన్న ఒక స్లైడర్‌నో టిల్లర్ యాక్సిస్‌కు కేటాయించండి. కాక్‌పిట్ ముందు చక్రానికి ముందుంటుంది కాబట్టి, మలుపులో మీ కాళ్ల కింది పసుపు గీత దాటి కొంచెం ముందుకు పోయాకే టిల్లర్ తిప్పాలి. కారవాన్‌లో చక్రం మీకంటే ముందుంటుంది, అక్కడ ఈ దాటడం అక్కర్లేదు. 27 మీటర్ల రెక్కల వెడల్పు కూడా లెక్కలో ఉంచుకోండి.

పవర్ లీవర్ల మీద గ్రౌండ్ ఐడిల్, ఫ్లైట్ ఐడిల్ అని రెండు గుర్తులుంటాయి. ట్యాక్సీ అంతా ఈ రెండింటి మధ్యే నడుస్తుంది. గ్రౌండ్ ఐడిల్ దగ్గర మొదలుపెట్టి, కదలడానికి కాస్త ముందుకు, కదిలాక మళ్లీ వెనక్కి. ఫ్లైట్ ఐడిల్‌లో వదిలేస్తే బ్రేకుల మీద భారం పడుతుంది. రెండు లీవర్లను విడివిడి యాక్సిస్‌లకు కలిపినవాళ్లు రెండూ ఒకే చోట ఐడిల్ అయ్యేలా క్యాలిబ్రేట్ చేసుకోవాలి. రెండు మూడు శాతం తేడా ఉన్నా విమానం ఎప్పుడూ ఒక వైపుకే వాలుతూ పోతుంది.

దిగాక

గాలిలో ఉండగా ఐడిల్ గుర్తు వెనక్కి చెయ్యి పోకూడదు. కొన్ని సిమ్ విమానాలు అడ్డుకోవు. బ్లేడ్లు చదునైతే ప్రొపెల్లర్ ఒక పెద్ద పళ్లెంలా గాలికి అడ్డుపడి విమానం రాయిలా పడుతుంది.

కారవాన్‌లో ప్రధాన చక్రాలు, ఆ తర్వాత ముందు చక్రం నేలను తాకాక లీవర్‌ను బీటాలోకి తేండి. చదునైన బ్లేడ్లే బోలెడంత అడ్డు. పొడవైన రన్‌వే మీద ఇంకేమీ అక్కర్లేదు. రివర్స్ కావాలంటే ప్రాప్ లీవర్ ముందే పూర్తిగా ముందుకు ఉండాలి. వెనక్కి లాగి ఉంటే గవర్నర్ ఆర్‌పీఎంను అడ్డుకుని రివర్స్ బలం రాదు. వేగం 40 నాట్లకు దిగేలోపు రివర్స్ నుంచి బయటికి వచ్చేయండి. అంతకన్నా తక్కువ వేగంలో దుమ్ము ముందుకు ఎగిరి అద్దాన్ని కమ్మేస్తుంది, రాళ్లు బ్లేడ్లను కొరుకుతాయి.

ఏటీఆర్‌లో ఒక మెట్టు ఎక్కువ. లీవర్లు గ్రౌండ్ ఐడిల్‌కు తెచ్చాక రెండు లో పిచ్ లైట్లూ వెలిగాయో లేదో చూడాలి. రెండూ వెలిగితేనే రివర్స్. ఒకటే వెలిగితే ఒక ప్రొపెల్లర్ ఇంకా ముందుకు లాగుతోందన్నమాట, ఆ స్థితిలో రివర్స్ వేస్తే విమానం గడ్డిలోకి తిరుగుతుంది. వేగం 70 నాట్లకు దిగేవరకు రడ్డర్‌తో, దిగాక టిల్లర్‌తో దారి పట్టాలి. అంతకన్నా ఎక్కువ వేగంలో టిల్లర్ ముట్టుకోకండి.

ఆపేటప్పుడు

కారవాన్‌లో పార్కింగ్ బ్రేకు వేసి, పవర్ ఐడిల్‌లో, ఐటీటీ కనిష్ఠానికి దిగి ఒక నిమిషం నిలిచేదాకా ఆగండి. ఆ తర్వాత ప్రాప్ ఫెదర్, కండిషన్ లీవర్ కటాఫ్, ఫ్యూయల్ బూస్ట్ ఆఫ్. ఆగి ఉన్న పీటీ6 విమానాల బ్లేడ్ల అంచులు ముందుకు తిరిగి ఉంటాయి. ఆయిల్ ప్రెషర్ పోగానే స్ప్రింగులు, కౌంటర్‌వెయిట్లు వాటిని ఫెదర్‌కు తీసుకుపోతాయి.

డోర్నియర్ 228 లాంటి టీపీఈ331 ఇంజిన్ విమానాలను చూడండి, ఆగి ఉన్నా బ్లేడ్లు చదునుగానే ఉంటాయి. మన దేశంలో వీటిని కాన్పూర్‌లో హెచ్ఏఎల్ తయారు చేస్తుంది. 2022 ఏప్రిల్‌లో అలయన్స్ ఎయిర్ వీటిని దిబ్రూగఢ్, పాసీఘాట్ మధ్య నడపడం మొదలుపెట్టింది. ఈ ఇంజిన్‌లో ప్రొపెల్లర్, కంప్రెసర్ ఒకే ఇరుసు మీద ఉంటాయి. స్టార్టర్ తిప్పితే ప్రొపెల్లర్ కూడా తిరగాల్సిందే. ఫెదర్‌లో ఉంటే స్టార్టర్‌కు ఆ బరువు తిప్పడం సాధ్యం కాదు. అందుకే బ్లేడ్లను చదునుగా పట్టి ఉంచే స్టార్ట్ లాక్‌లు ఉంటాయి.

వాటి విషయంలో రెండు పనులు. ఇంజిన్ ఆపగానే, ఆర్‌పీఎం 50 శాతం దాటి పడుతుండగా పవర్ లీవర్‌ను రివర్స్‌లోకి లాగి, ప్రొపెల్లర్ దాదాపు ఆగేదాకా పట్టుకోండి. లాక్‌లు పడతాయి. మరిచిపోతే బ్లేడ్లు ఫెదర్‌కు పోతాయి, తర్వాతి స్టార్ట్‌కు ముందు అన్‌ఫెదరింగ్ పంపుతో వాటిని మళ్లీ తేవాలి. రెండోది, స్టార్ట్ అయ్యాక ట్యాక్సీకి ముందు లీవర్‌ను ఒకసారి రివర్స్ వైపు కొద్దిగా లాగి లాక్‌లను వదిలించాలి. వదిలించకపోతే లీవర్ ఎంత తోసినా మోత పెరుగుతుంది గానీ విమానం కదలదు. ఒక ఇంజిన్‌కు వదిలి, రెండోదానికి వదలకపోతే బయల్దేరగానే గిర్రున తిరుగుతుంది. కాబట్టి రెండు లీవర్లనూ కలిపి లాగి, రెండు టార్క్ గేజ్‌లూ ఒకేలా స్పందిస్తున్నాయో చూసుకున్నాకే పార్కింగ్ బ్రేకు వదలండి.